‘నలుగురిలో బాగుండదు’ అనే మాటలో అందం ఎంత, అధికారం ఎంత?

మన్నేరు | శుక్రవారం, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. మాది కందుకూరు దగ్గర పల్లె. యూనివర్సిటీలో ఫిలాసఫీ చదువుతున్నాను. నా పరిశోధన అందం గురించి, అంటే ఈస్తటిక్స్. సెలవులకి ఇంటికొస్తే నా టాపిక్ మా ఊళ్లోనే ఎదురైంది.

శ్రీరామనవమికి మా రామాలయం దగ్గర ఏటా పద్యనాటకం వేస్తారు. స్టేజీ ఎప్పుడూ గుడివీధి వైపే తిరిగి ఉంటుంది. వెనక తెర కట్టేది రోడ్డు పక్కన. రోడ్డు దాటితే ఎస్సీ కాలనీ. కాలనీ వాళ్లు పక్కల్లో నిలబడి చూస్తారు. అక్కడా చోటు లేకపోతే వెనక నుంచి వింటారు. ఈసారి కుర్రాళ్లు కొందరు స్టేజీని చెరువు కట్ట వైపు తిప్పుదామన్నారు. కట్ట వాలుగా ఉంటుంది, ఎవరు ఎక్కడ కూర్చున్నా కనపడుతుంది. కమిటీ మీటింగులో నేనూ ఉన్నాను. పెద్దవాళ్లు ఒక్కరు కూడా కులం మాట ఎత్తలేదు. ఖర్చు మాటా ఎత్తలేదు. అందరిదీ ఒకటే మాట: "అట్టా తిప్పితే నలుగురిలో బాగుండదమ్మా." మా నాన్న కూడా అదే అన్నారు.

ఆ మాట నన్ను వదలడం లేదు. మన తెలుగులో చీర బాగుండదు, పాట బాగుండదు, పెళ్లికి పోకపోతే బాగుండదు. అన్నిటికీ ఒకటే మాట. కంటికి నచ్చకపోవడమూ, పద్ధతి కాకపోవడమూ ఒకే మాటలో ఇమిడిపోయాయి. ‘నలుగురు’ అంటే ఊరు, సమాజం. అందమూ సమాజమూ ఆ మాటలోనే ఉన్నాయి. స్టేజీ తిప్పే హక్కు ఎవరిదన్నది పైకి చెప్పకుండా లోపల దాచుకున్న రాజకీయం.

జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1790లో అందం గురించి ఒక మాట పట్టుకున్నాడు. నాకు చిన్నరసం ఇష్టం అంటే ఎవరూ పోట్లాడరు, అది నా నాలుక సంగతి. కానీ తెల్లారుజామున రామాయపట్నం సముద్రం చూసి "ఎంత బాగుందో" అన్నప్పుడు పక్కనున్నవాళ్లు "ఏముంది ఇందులో" అంటే మనసు చివుక్కుమంటుంది. వాళ్లూ ఒప్పుకోవాలని లోపల పట్టుబడతాం. రుజువు చూపించడానికి రూలేమీ లేదు, అయినా అడుగుతాం. అంటే బాగుంది అన్న ప్రతిసారీ ఒక నలుగురిని ఊహించుకునే అంటున్నాం. ఆయన దీనికి ‘సెన్సుస్ కమ్యూనిస్’ అని పేరు పెట్టాడు, అందరికీ ఉమ్మడిగా ఉండే తెలివిడి అని చెప్పుకోవచ్చు. హన్నా ఆరెంట్ అనే రాజకీయ తత్త్వవేత్త 1970లో న్యూయార్కులో పాఠాలు చెబుతూ, కాంట్ అసలు రాజకీయం ఇక్కడే ఉంది పొమ్మంది. ఎదుటివాళ్లు నిలబడ్డ చోట నిలబడి చూడగలగడం, ఆ తర్వాతే తీర్పు చెప్పడం.

నా ప్రశ్న ఇది. మా కమిటీ అన్న ‘బాగుండదు’ కాంట్ చెప్పిన కోవలోకి వస్తుందా? వాళ్లు ఊహించుకున్న ఆ నలుగురు ఎవరు?


కావలి పంతులు | శుక్రవారం, రాత్రి 11:02

అమ్మా, నేను ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి. నీ ప్రశ్నకి కాంట్ దాకా పోనక్కర్లేదు. భరతముని నాట్యశాస్త్రం మొదటి అధ్యాయం మళ్లీ ఒకసారి తియ్యి.

వేదం వినే అర్హత కొందరికి లేదన్నారు కాబట్టి అన్ని వర్ణాలకీ చెందే అయిదో వేదంగా బ్రహ్మ నాట్యాన్ని చేశాడని అందులో ఉంది. కంటితో చూడదగ్గదీ, చెవితో వినదగ్గదీ కావాలని దేవతలు అడిగారు. బాగానే ఉంది. మొట్టమొదటి ప్రదర్శన ఇంద్రధ్వజ ఉత్సవంలో జరిగింది. వేసింది ఏ కథ? దేవతలు దైత్యుల్ని ఓడించిన కథ. దైత్యులు అక్కడే ఉన్నారు, వాళ్లకి మండింది. విఘ్నాలను వెంటబెట్టుకుని వచ్చి నటుల మాట, కదలిక, జ్ఞాపకం అన్నీ స్తంభింపజేశారు. ఇంద్రుడు జెండా కర్ర పీకి వాళ్లని చితక్కొట్టాడు. ఆ తర్వాతే విశ్వకర్మ చేత నాటకశాల కట్టించి మూలమూలకీ దేవతల్ని కాపలా పెట్టారు.

నేను తరగతిలో ఇది చెప్పినప్పుడల్లా పిల్లలు నవ్వేవాళ్లు, నాకు మాత్రం దిగులు వేసేది. అందరిదీ అని పుట్టిన కళ మొదటి రోజే కొట్లాటలో పడింది. గోడలు కట్టింది అందం కోసం కాదు, ఆ కొట్లాట వల్ల. కానీ కథ అక్కడ ఆగలేదు. బ్రహ్మ దైత్యుల నాయకుడు విరూపాక్షుణ్ణి పిలిచి కూర్చోబెట్టి మాట్లాడాడు. ఇది దేవతలొక్కరి గొప్ప చెప్పేది కాదు, మీ మంచిచెడ్డలూ ఇందులో ఉంటాయి, మూడు లోకాల భావాలూ ఉంటాయి అన్నాడు. నన్నడిగితే మొత్తం శాస్త్రంలో అదే గొప్ప ఘట్టం. కర్రతో కాలేదని బ్రహ్మకి తెలిసొచ్చింది.

మీ కమిటీలో ఇంద్రులు ఉన్నారు, విరూపాక్షుణ్ణి పిలిచేవాళ్లు లేరు. కాలనీ వాళ్లని ఆ మీటింగుకి పిలిచారా?


మన్నేరు | శుక్రవారం, రాత్రి 11:20

పిలవలేదు మాస్టారూ. ఆ సంగతి నాకే అప్పుడు తట్టలేదు. మీరు అడిగాక సిగ్గేసింది.


ఒంగోలు వకీలు | శనివారం, ఉదయం 7:40

మీ ఇద్దరి మాటలూ చదివాను. మర్యాదగానే చెబుతున్నాను, నాకు ఈ దారి నచ్చలేదు.

1985 జులై 17న అప్పటి మన ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. గొడవ మొదలైంది తాగే చెరువు నీళ్లు పాడు చెయ్యొద్దని అడిగినందుకు. నేనప్పుడు లా చదువుతున్నాను. చీరాలలో బాధితులు తలదాచుకున్న శిబిరానికి వెళ్లాను. ఆ శిబిరం చూసినవాడికి అందం, రసం అన్న మాటలు ఈ విషయంలో వింటే ఒళ్లు మండుతుంది. రాజకీయమంటే భూమి, కూలి, నీళ్లు, కేసు, శిక్ష. మిగతాది తర్వాత.

ఇంకొకటి. అందాన్ని రాజకీయంలో కలిపితే ఏమవుతుందో వాల్టర్ బెన్యమిన్ అనే జర్మన్ విమర్శకుడు 1930ల్లోనే రాశాడు. ఫాసిజం జనానికి తమని తాము చూసుకుని మురిసిపోయే సంబరం ఇస్తుంది, ఆస్తి మాత్రం ఎవరిది వాళ్లకే ఉంచుతుంది అన్నాడు. ఇప్పుడు ఏ పార్టీ సభకైనా పోండి. డ్రోను కెమెరా తల మీద తిరుగుతుంటుంది, పెద్ద తెర మీద జనం తమ మొహాలు తామే చూసుకుని చేతులూపుతారు. ఇంటికెళ్లాక కౌలు అదే, అప్పు అదే.

మీ స్టేజీ తిప్పడం కూడా అట్టాంటిదే కాదా అమ్మా? ఒక్క రాత్రి అందరూ కట్ట మీద కలిసి కూర్చుంటారు, ఫొటోలు దిగుతారు, ఊరంతా ఒక్కటే అనుకుంటారు. తెల్లారితే కాలనీకి శ్మశానం దారి అట్టాగే మూసి ఉంటుంది. ఆ సంబరం లేకపోతేనన్నా మనసులో మంట మిగిలేది.


కలిగిరి అక్క | శనివారం, ఉదయం 9:05

వకీలు గారూ, మీ కోపం నాకు అర్థమైంది. కానీ అందం తర్వాత, అసలు పని ముందు అన్నది నా అనుభవంలో నిజం కాలేదు. అక్షరాస్యత ఉద్యమం రోజుల్లో మా కలిగిరి మండలంలో నేను వలంటీరుని, పంతొమ్మిదేళ్లు నాకు.

రాత్రి ఎనిమిదిన్నరకి లాంతరు పట్టుకుని పోయేదాన్ని. ఆడవాళ్లు పొలం పని, వంట, పిల్లలు అన్నీ అయ్యాక వచ్చి కూర్చునేవాళ్లు. కళ్లు మూతలు పడుతుండేవి. మొదటి నెల పలక మీద గీత గియ్యడానికే చేతులు వణికేవి. కళాజాత వాళ్లు వచ్చి వీధిలో పాటలు, నాటికలు వేసి పోయాక ఆ చేతులకి ఎక్కడలేని హుషారు వచ్చింది. వాచకంలో సీతమ్మ కథ అని సారా మీద ఒక పాఠం ఉండేది. నేను గట్టిగా చదివాను. చదవడం అయ్యాక చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒకావిడ లాంతరు దగ్గరికి జరిగి, పుస్తకం నా చేతిలోంచి తీసుకుని, అక్షరాల మీద వేలు పెట్టి అడిగింది: "మా ఇంటి సంగతి ఈళ్లకెట్టా తెలిసింది?"

అంతకుముందు సారా అంటే ఆ ఇంటి ఖర్మ, ఈ ఇంటి ఖర్మ. ఆ రాత్రి నుంచి అది అందరి సంగతి అయింది. దూబగుంటలో రోశమ్మ లాంటి ఆడవాళ్లు ముందు నిలబడి సారా కొట్టు మూయించారు. 1992లో అది నెల్లూరు జిల్లా అంతా పాకింది, సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ముందు ఆఫీసుల్లో మమ్మల్ని చూసి ఏమనేవాళ్లో తెలుసా? "ఆడోళ్లు వచ్చి గోల చేస్తన్నారు." మేము మాట్లాడుతున్నామని ఎవరూ అనలేదు. గోల. ఆ గోల మాటగా మారడానికి మాకు కొన్ని నెలలు పట్టింది. అందులో పాటకి, కథకి ఎంత వాటా ఉందో నేను కళ్లారా చూశాను. భూమి, కూలి అడగాలన్నా ముందు మనది నోరు అని అవతలివాళ్లకి తెలియాలి కదా.


మన్నేరు | శనివారం, ఉదయం 9:48

అక్కా, మీ ‘గోల’ దగ్గర ఆగిపోయాను. అరిస్టాటిల్ తన రాజనీతి పుస్తకం మొదట్లోనే ఇదే తేడా చెప్పాడు. జంతువుకి గొంతు ఉంది, నొప్పి, సుఖం తెలపగలదు. మనిషికి మాట ఉంది, న్యాయం, అన్యాయం చెప్పగలడు. అందుకే మనిషి ఊరు కట్టుకుని బతికే ప్రాణి అన్నాడు. జాక్ రాన్సియేర్ అనే ఫ్రెంచి తత్త్వవేత్త అక్కడే పట్టుకుని అడిగాడు: ఎవరి నోటి నుంచి వచ్చేది మాట, ఎవరిది వట్టి అరుపు అని తేల్చింది ఎవరు? ఆ తేల్చడమే అసలు రాజకీయం అంటాడు. చట్టం కంటే ముందు, పార్టీ కంటే ముందు, కంటికి ఏది ఆనాలి, చెవికి ఏది మాటలా వినపడాలి అన్న అమరిక ఒకటి ఉంటుంది. అది మారినప్పుడే రాజకీయం మొదలైనట్టు. అందుకే ఆయన దృష్టిలో ఈస్తటిక్స్ పైపూత కాదు, పునాదిలోనే ఉంది.

రాత్రిబడి విషయం ఇంకా దగ్గరగా ఉంది. 1981లో ఆయన రాసిన పుస్తకం 1830ల నాటి ఫ్రెంచి పనివాళ్ల రాత్రుల గురించి. పగలంతా చెక్క పనో కుట్టు పనో చేసి, నిద్రపోవాల్సిన వేళ కూర్చుని పద్యాలు, ఉత్తరాలు, పత్రికలు రాసుకున్నవాళ్ల కథ. పనివాడికి తన పని తప్ప ఇంకోదానికి తీరిక ఉండదని ప్లేటో ఎప్పుడో గీత గీశాడు. వాళ్లు నిద్ర మానుకుని ఆ గీత దాటారు. మీ లాంతరు ముందు కూర్చున్నవాళ్లు కూడా అదే చేశారు.

వకీలు గారూ, మీరు అడిగిన శ్మశానం దారి ప్రశ్న నన్ను గుచ్చింది. మా ఊళ్లోనూ అట్టాంటి దారి ఒకటి ఉంది. స్టేజీ తిప్పితే అది తెరుచుకోదు, ఒప్పుకుంటాను.


తూర్పుగాలి | శనివారం, మధ్యాహ్నం 1:30

నేను సాధారణంగా చదివి ఊరుకుంటాను. దీనికి మాత్రం రాయాలనిపించింది. మాది కొండపి వైపు ఒక ఊరి కాలనీ. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం. నాటకాన్ని వెనక నుంచి చూసినవాణ్ణి నేను.

వెనక నుంచి ఎట్టా ఉంటుందో చెబుతాను. తెర గుడ్డకి అవతల పక్క రంగులుంటాయి, ఇవతల పక్క ఉండవు. లైట్లు వేశాక ఆ బొమ్మ పలచగా, తిరగబడి కనిపిస్తుంది. రాజదర్బారు స్తంభాలు, నెమళ్లు అన్నీ నీడల్లాగా. హార్మోనియం మాస్టారి వీపు కనపడుతుంది, చెమటకి చొక్కా అంటుకుపోయి. ద్రౌపది వేషం ఆయన సీను అయిపోగానే మెట్ల మీద కూర్చుని, బిగుసుకుపోయిన గాజులు మెల్లగా లాక్కుని, మణికట్టు రుద్దుకునేవాడు. పద్యం ఎత్తుకునే ముందు నటుడు ఊపిరి పీల్చే చప్పుడు ఒకటుంటుంది. గుడివీధి వాళ్లకి అది వినపడదు, మాకు వినపడేది. మా నాయనమ్మకి రాయబారం పద్యాలు వరసగా నోటికొచ్చు. కృష్ణుడు సభలో నిలబడి మాట్లాడేటప్పుడు మొహం ఎట్టా పెడతాడో ఆమె చనిపోయేదాకా చూడలేదు.

అది అందం కాదని నేననను. నాకు ఇప్పటికీ నాటకమంటే ఆ ఊపిరి చప్పుడే. కానీ ఆ చోటు నేను ఎంచుకున్నది కాదు.

ఇక్కడ మీరంతా మమ్మల్ని ముందు నుంచి చూడనివ్వాలా వద్దా అనే మాట్లాడుతున్నారు. మేము స్టేజీ ఎక్కితే గుడివీధి వాళ్లు కూర్చుని చూస్తారా అని ఒక్కరూ అడగలేదు. మా పెదనాన్న డప్పు వాయిస్తే ఆరు మైళ్ల దూరం నుంచి వచ్చి పిలుచుకుపోయేవాళ్లు. ఊరేగింపు రామాలయం దాకా రాగానే డప్పు ఆగిపోవాలి, అక్కడి నుంచి సన్నాయి. ఎందుకని అడిగితే, గుడి ముందు డప్పు బాగుండదు. మన్నేరు గారి ఊళ్లో వినిపించిన మాటే.

వకీలు సార్, మీరు శిబిరానికి వచ్చి నిలబడ్డారు, అది మా పెద్దవాళ్లు మర్చిపోలేదు. కానీ కారంచేడు తర్వాత దళిత మహాసభ ఒక్కటే రాలేదు, కవిత్వం కూడా వచ్చింది. మా ఇళ్లలో వండుకునే కూర పేరు, మా పెద్దవాళ్లు చేసే పని పేరు, మా వాడల్లో తిట్టు, అన్నీ పద్యంలోకి వచ్చి కూర్చున్నాయి. అంతకుముందు అవి కవిత్వంలో బాగుండవు. నేను ఇంటర్‌లో మొదటిసారి అట్టాంటి కవిత చదివి, పుస్తకం మూసి, హాస్టలు మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. ఆ తర్వాత నా ఊరు పేరు చెప్పడానికి తడబడలేదు. దాన్ని తర్వాతి సంగతి అని ఎట్టా అంటారు?


ఒంగోలు వకీలు | శనివారం, మధ్యాహ్నం 3:10

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. తర్వాతి సంగతి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. బెన్యమిన్ గురించి చెప్పింది మాత్రం వెనక్కి తీసుకోను. అదే వ్యాసంలో ఆయన ఇంకో వైపు కూడా చెప్పాడు, కళని రాజకీయం చెయ్యాలని. నువ్వు చెప్పింది అది. కట్ట మీద కలిసి కూర్చుని ఫొటో దిగడం అది కాదు.


కావలి పంతులు | శనివారం, సాయంత్రం 5:25

గుడి ముందు డప్పు ఆగిపోయేదంటే నాకు జాషువా గుర్తొచ్చాడు. 1941లో ‘గబ్బిలం’ రాశాడు. మనిషికి దొరకని గుడి ప్రవేశం గబ్బిలానికి ఉంది కాబట్టి, తన గోడు శివుడి చెవిన వెయ్యమని దాని చేత కబురు పంపుతాడు. మేఘాన్ని పంపిన కాళిదాసు దారినే తీసుకుని, మేఘం ఉండాల్సిన చోట జనం అశుభం అనుకునే గబ్బిలాన్ని పెట్టాడు. పద్యం పాత పద్యమే, ఛందస్సు పాతదే. ఏది అందమో ఏది కాదో తేల్చేవాళ్ల ఇంట్లోకి ఆ గబ్బిలం తలకిందులుగా వెళ్లి వేలాడింది.

మా వైపు లోటు కూడా చెప్పాలి. మన నెల్లూరి తిక్కన భారతం మొదలుపెడుతూ ఆంధ్రావళికి సంతోషం కలగాలి అన్నాడు. పెన్న ఒడ్డున మనుమసిద్ధి కొలువులో కూర్చుని, తెలుగు తెలిసినవాళ్లందరినీ ఒక గుంపుగా ఊహించుకున్నాడు, పదమూడో శతాబ్దంలో. ఎన్నేళ్లు చెప్పానో ఆ మాట, గర్వంగా. ఆ ఆంధ్రావళిలో తూర్పుగాలి వాళ్ల నాయనమ్మ ఉందా అని ఒక్కనాడు కూడా తరగతిలో అడగలేదు. పద్యాలన్నీ నోటికొచ్చిన మనిషి! సహృదయుడంటే మన పాత ఆలంకారికుడు అభినవగుప్తుడు చెప్పిన లక్షణం ఏంటి? కావ్యంలో మునిగి మునిగి, మనసు అద్దంలా అయిపోయి, వర్ణించినదానితో ఒకటైపోయేవాడు. తెర వెనక నిలబడి ఊపిరి చప్పుడు విన్న ఆవిడ కంటే సహృదయులు ఎవరు నాయనా?


దర్శి గుమ్మెట | శనివారం, రాత్రి 8:15

మా నాయన బుర్రకథ చెప్పేవాడు. నేను గుమ్మెట వాయిస్తాను. మీరు రాసిన పెద్ద పుస్తకాలు నేను చదవలేదు. కానీ అందం, రాజకీయం కలవాలా వద్దా అని మీరు ఇంతసేపు మాట్లాడుకోవడం చూసి ఒక సంగతి చెప్పాలనిపించింది.

బుర్రకథలో ముగ్గురు ఉంటారు. నడిమధ్య తంబుర పట్టుకుని కథకుడు. రెండు పక్కలా ఇద్దరు వంతలు. ఒక వంతని హాస్యం అంటాం, ఇంకో వంతని రాజకీయం అంటాం. పేరే అది! "ఈ ఊరికి రాజకీయం ఎవరు వస్తన్నారు" అని అడుక్కుంటాం మేము. కథ పల్నాటి యుద్ధమైనా బొబ్బిలి యుద్ధమైనా, మధ్యలో రాజకీయం అందుకుని ఆ ఊరి నీళ్ల పైపు సంగతి, ధర సంగతి తీస్తాడు. కథకుడు వినాలి, కాదనకూడదు. విని మళ్లీ కథలోకి లాక్కుపోవాలి. రాజకీయం ఎక్కువైతే కథ చస్తుంది, జనం లేచిపోతారు. రాజకీయం అసలు లేకపోతే ముసలోళ్లు కునుకు తీస్తారు. ఆ కొలత ఎవరూ రాసిపెట్టలేదు. జనం మొహాలు చూసి తెలుసుకోవాల్సిందే.

1943లో కమ్యూనిస్టుల కళాసంఘం ప్రజానాట్యమండలి పుట్టాక నాజర్ గారి లాంటి వాళ్లు ఇదే పద్ధతిలో కొత్త కథలు కట్టుకుని ఊరూరా తిరిగారు. సర్కారు బుర్రకథల మీద నిషేధం కూడా పెట్టింది. పాట వట్టి వినోదమే అయితే దానికి అంత భయం ఎందుకు?

ఇంకొకటి, మాకు వెనక తెర అక్కర్లేదు. నాలుగు బల్లలు కలిపేస్తే చాలు. చుట్టూ జనం కూర్చుంటారు. అందుకని మాకు వెనక అని ఒక వైపు ఎప్పుడూ లేదు. గుమ్మెట చర్మం చలికి వదులైతే మంట దగ్గర కాచుకోవాలి, ఆ మంట చుట్టూ కూడా జనమే. మా నాయన కథ చెబుతూ అన్ని పక్కలకీ తిరిగేవాడు, కాలి అందెల చప్పుడుతో పాటు. ఎవరి వైపు తిరిగితే వాళ్లు కాస్త ముందుకి జరిగేవాళ్లు.


మన్నేరు | శనివారం, రాత్రి 8:40

అన్నా, ఒక వంత పేరే రాజకీయం అని నాకు ఇన్నాళ్లూ తెలియదు. చిన్నప్పుడు చూశాను కూడా. నా పరిశోధనలో ఇది రాసుకుంటాను, మీ దగ్గర విన్నానని చెప్పి రాసుకుంటాను. మీరు చెప్పిన కొలత గురించి రేపు ఫోనులో వివరంగా అడగొచ్చా?


స్వర్ణాల చెరువు | ఆదివారం, ఉదయం 6:30

నేను నెల్లూరులో టీచర్ని. మీరు ‘ఊరంతా ఒక్కటి’ అనే మాట చుట్టూ తిరుగుతున్నారు కాబట్టి మా రొట్టెల పండుగ సంగతి రాస్తాను. మొహర్రం నెలలో బారా షహీద్ దర్గా దగ్గర, చెరువులో.

ఆరోగ్య రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, చదువు రొట్టె అని ఉంటాయి. కోరిక ఉన్నవాళ్లు నీళ్లలో నిలబడి, తీరినవాళ్ల కోసం వెతుక్కుంటారు. మా చెల్లికి జబ్బు చేసిన ఏడాది నేను చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి "ఆరోగ్య రొట్టె ఎవరి దగ్గరుంది" అని అడుగుతూ నడిచాను. పెద్దావిడ ఒకావిడ, నుదుట ఇంత బొట్టు, కొంగులోంచి రొట్టె తీసి నా చేతిలో పెట్టింది. తడి చేతులకి రొట్టె అంచు మెత్తబడింది. ఆమె నా పేరు అడగలేదు, నేనూ అడగలేదు. "మా మనవడికి తగ్గిందమ్మా" అంది, అంతే. తర్వాత ఏడాది నేను రొట్టె పట్టుకెళ్లి ఇంకొకరికి ఇచ్చాను.

ఆమె హిందువు, నేను ముస్లింని. ఆ చెరువులో మేమిద్దరం ఒక్కటైపోలేదు. ఆమె ఆమెగానే ఉంది, నేను నేనుగానే ఉన్నాను. మధ్యలో ఒక రొట్టె ఉంది. పేపర్లలో ప్రతి ఏడాదీ ‘మతసామరస్యం’ అని ఫొటో వేస్తారు, సంతోషమే. కానీ నాకు ఆ మాట చాలదు. కలిసిపోవడం వేరు, ఇచ్చిపుచ్చుకోవడం వేరు.


మన్నేరు | ఆదివారం, ఉదయం 8:10

టీచర్ గారూ, నేను మూడేళ్లుగా పట్టుకోలేక తిప్పలు పడుతున్న విషయాన్ని మీరు నాలుగు లైన్లలో చెప్పారు.

జాన్-లుక్ నాన్సీ అనే ఫ్రెంచి తత్త్వవేత్త 1980ల్లో సమాజం గురించి రాస్తూ, సమాజం అంటే అందరూ కరిగి ఒక్కటైపోయిన ముద్ద కాదు అన్నాడు. అట్టా ముద్ద చెయ్యాలని చూసిన చోటల్లా చావులే మిగిలాయి. ఒకరి పక్కన ఒకరు, ఒకరి అంచు ఇంకొకరికి తగులుతూ ఉండడమే సమాజం. రాన్సియేర్ వాడే ఫ్రెంచి మాట ‘పార్తాజ్’కి రెండు అర్థాలు: కలిసి అనుభవించడం, విడగొట్టుకోవడం. దీన్ని తెలుగులో ఎట్టా చెప్పాలా అని నోటు పుస్తకంలో ఎన్నో మాటలు రాసి కొట్టేశాను. మన దగ్గర మాట ఉండనే ఉంది. పంచుకోవడం. పిల్లలు జామకాయ పంచుకున్నారు, అన్నదమ్ములు పొలం పంచుకున్నారు. మొదటిది కలుపుతుంది, రెండోది గట్టు వేస్తుంది. మాట ఒకటే. మా ఊరు నాటకాన్ని ఇన్నేళ్లూ అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు పంచుకుంది. కొందరికి తెర ముందు పక్క, కొందరికి వెనక పక్క.

ఈ చర్చ అంతా మా నాన్నకి చదివి వినిపించాను. తూర్పుగాలి గారి నాయనమ్మ దగ్గరికి వచ్చేసరికి చాలు అన్నారు. లేచి బయటికి వెళ్లిపోయారు. రాత్రి భోజనాల దగ్గర ఏమీ అనలేదు.


మన్నేరు | బుధవారం, రాత్రి 9:30

మళ్లీ మీటింగు జరిగింది. ఈసారి కాలనీ నుంచి ఆరుగురిని పిలిచారు, ముగ్గురు వచ్చారు. వాళ్లలో ఇద్దరు ఆడవాళ్లు. మాట్లాడమంటే మొదట వాళ్లు మాట్లాడలేదు, తర్వాత ఒకావిడ, మాకు చూడ్డానికి చోటొక్కటే కాదు, మా పిల్లల కోలాటం కూడా ఉంది, అది వెయ్యడానికి ఒక గంట కావాలి అంది. అరగంట వాదన అయింది. ఎవరో "బాగుండదేమో" అన్నారు. మా నాన్న "ఎవరికి?" అని అడిగారు. అంతే, ఇంకేమీ అనలేదు.

తేలింది ఇది. మొదటి రాత్రి కట్ట దగ్గర బల్లలు వేసి, కాలనీ పిల్లల కోలాటం, తర్వాత బుర్రకథ. రెండో రాత్రి పద్యనాటకం, స్టేజీ పాత చోటే, గుడివీధి వైపే. దాన్ని తిప్పడానికి మాత్రం ఒప్పుకోలేదు. నాకు సగం సంతోషం, సగం బాధ. శ్మశానం దారి మాట నేను ఎత్తాను. పండగ మీటింగులో ఎందుకన్నారు. వచ్చే నెల పంచాయతీలో అర్జీ పెట్టడానికి కాలనీ వాళ్లు నా చేత కాగితం రాయించుకున్నారు.


ఒంగోలు వకీలు | బుధవారం, రాత్రి 10:05

ఆ కాగితం నాకు వాట్సాప్ చెయ్యమ్మా. సర్వే నంబరు, ఎన్నేళ్లుగా ఆ దారి వాడుతున్నారు, మూసింది ఎప్పుడు అన్నవి తప్పకుండా ఉండాలి. నేను సరిచేసి పంపుతాను. ఫీజు మాట ఎత్తొద్దు.


తూర్పుగాలి | బుధవారం, రాత్రి 10:20

మొదటి రాత్రికి నేను వస్తాను. పెదనాన్న లేడు కానీ ఆయన డప్పు ఇంట్లో ఉంది, మా అన్న వాయిస్తాడు. కోలాటానికి ముందు ఒక పది నిమిషాలు ఇప్పించగలరా? కమిటీని అడిగి చెప్పండి. కాదంటే కాదని చెప్పండి, దాచొద్దు.


మన్నేరు | గురువారం, ఉదయం 7:15

అడిగాను. పది కాదు, పదిహేను నిమిషాలు ఇచ్చారు. చోటు రామాలయం మెట్ల దగ్గరా, కట్ట దగ్గరా అన్నది ఇంకా తేలలేదు. నేను మెట్ల దగ్గరే అని పట్టుబట్టాను.

దర్శి అన్నా, మీకు ఒక ప్రశ్న. మైకు సెట్టు వాళ్లు రెండు బాక్సులే ఇస్తామంటున్నారు. కట్ట మీద జనం మూడు పక్కలా కూర్చుంటారు. కాలనీ వైపు కూర్చున్నవాళ్లకి సరిగ్గా వినపడదేమోనని భయంగా ఉంది.


దర్శి గుమ్మెట | గురువారం, ఉదయం 7:50

మా ఇంట్లో ఒక బాక్సు ఉందమ్మా, పాతది, మోత బాగానే ఉంటుంది. ఆటోలో వేసుకొస్తాను. వైరు మాత్రం యాభై గజాలు కొని పెట్టండి. నడిచేవాళ్ల కాళ్లకి తగలకుండా చెట్ల మీదుగా లాగాలి.